తలకోనా, కైలాసకోనా, అర్ధగిరా, తిరుమల తీర్థాలా: తిరుపతి నుంచి ఒక్కరోజు ట్రిప్పుకి ఎవరికి ఏది సరిపోతుంది

వానలు మొదలైతే చాలు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇదే చర్చ, ఆదివారం యాడికన్నా పోదాం, కొండ ఉండాలి, పారే నీళ్ళు ఉండాలి, పిల్లకాయలు తడవాలి, పెద్దోళ్ళకి ఒక గుడి ఉండాలి, రాత్రికి ఇంటికొచ్చి పడుకోవాలి. అడిగీ అడగకముందే నలుగురు తలకోన అనేస్తారు, పేరు అందరికీ తెలుసు కదా. తలకోన మంచిదే, నేను కాదనను, కానీ అందరికీ కాదు. జలపాతం ఎన్ని అడుగులు అని చూసి చోటు ఖాయం చేసుకోవద్దండీ, బండిలో ఎవరెవరు ఎక్కుతున్నారో చూసి ఖాయం చేసుకోండి. డెబ్బై దాటిన అవ్వ, మూడేళ్ళ పాప, ఫోటో కోసం బండ అంచుదాకా పోయే ఇంటర్ పిల్లోడు, ఈ ముగ్గురిలో ఎవరున్నారు అన్నదాన్ని బట్టే సగం నిర్ణయం అయిపోతుంది.

ముందు నెల సంగతి చూద్దాం. మనకి జూన్ నుంచి పడే వానలు ఒకెత్తు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలు ఇంకో ఎత్తు, కోనల్లో నీళ్ళు బాగా దూకేది ఈ రెండోదాని తర్వాతే. అంటే నవంబర్ నుంచి జనవరి దాకా యాడికి పోయినా చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే తుఫాను పట్టిన వారంలో మాత్రం పోనే పోవద్దు. 2021 నవంబర్‌లో తిరుపతి ఎట్లా మునిగిందో అందరం చూశాం, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి, కపిలతీర్థం దగ్గర నీళ్ళు గుడి మీదికే వచ్చాయి. అట్లాంటప్పుడు అడవిలో ఫారెస్టోళ్ళు గేటు మూసేస్తారు, మూయకపోయినా మనమే ఆగాలి, పైన కొండ మీద పడిన వాన కిందికొచ్చేసరికి మనకి ఎండ కాస్తుంటుంది, నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి. వాన పూర్తిగా వెలిసి నాలుగైదు రోజులు పోయాక వెళ్తే నీళ్ళూ తేటగా ఉంటాయి, పాచి మీద కాలు జారే భయమూ కొంచెం తగ్గుతుంది.

ఎండాకాలంలో నీళ్ళెక్కడుంటాయి అని అడిగేవాళ్ళు చాలామంది. మన శేషాచలం, నగరి కొండలు పైన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, దాన్నిండా చీలికలు, వానాకాలంలో పడిన నీళ్ళు ఆ చీలికల్లోకి దిగి నెలల తరబడి మెల్లగా ఊరుతూ బయటికొస్తాయి. తిరుమల ఘాట్ రోడ్డులో పోతా ఉంటే ఒక చోట జియాలజీ వాళ్ళ బోర్డు ఉంటుంది, అడుగున గ్రానైటు, దానిమీద ఈ రాయి, రెండింటి మధ్య వయసు తేడా కోట్ల ఏళ్ళు, అక్కడ ప్రతిసారీ మా ఇంట్లో ఎవరో ఒకరు బస్సు కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తారు, ఏమీ అర్థం కాదు, అది వేరే సంగతి. చీలికల్లో ఊరే నీళ్ళ మీద నడిచే ధార మేలో కూడా సన్నగా పడుతుంది, ఉత్త వాననీటి మీద నడిచేది ఫిబ్రవరి మార్చికల్లా చిక్కిపోతుంది.

ఆ లెక్కన నేను మొదట చెప్పేది కైలాసకోన. నారాయణవనం మండలం, పుత్తూరు నుంచి ఊత్తుకోటై పోయే రోడ్డు పక్కనే. ధార పెద్దదేం కాదు, నలభై అడుగులు అంటారు, తలకోన చూసినోళ్ళకి ఇదేంది ఇంతేనా అనిపిస్తుంది. కానీ సంవత్సరం పొడుగునా నీళ్ళు పడతాయి, మెయిన్ రోడ్డు నుంచి నడక తక్కువ, ధార పక్కనే శివుడి గుడి ఉంది, పెద్దోళ్ళు దర్శనం చేసుకుని అట్లా కూర్చుంటే పిల్లకాయలు కళ్ళముందే తడుస్తా ఉంటారు, ఎవరో ఒకరు పైన ఎవరో ఒకరు కింద అని విడిపోయి ఒకరినొకరు వెతుక్కునే బాధ లేదు. మోకాళ్ళ నొప్పులున్న అవ్వాతాతలు బండిలో ఉంటే ఇంక ఆలోచించొద్దు, ఇదే.

తిరుపతి నుంచి సుమారు 45 కిలోమీటర్లు, రేణిగుంట మీదగా చెన్నై రోడ్డు పట్టుకుని వడమాలపేట దాటి పుత్తూరు, ఆడ నుంచి ఎడమకి తిరగడమే. రోడ్డు బాగుంటుంది, ఘాట్ లేదు, కారులో వాంతులు చేసుకునే పిల్లలున్నోళ్ళకి ఇది చిన్న విషయం కాదు. కారు లేకపోయినా పర్లేదు, పుత్తూరుకి తిరుపతి నుంచి బస్సులు వరసగా ఉంటాయి, ట్రైను కూడా ఉంది, పుత్తూరులో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు, వచ్చేటప్పుడు కూడా అదే ఆటోని ఉండమని ముందే చెప్పి పెట్టుకోండి.

ఇంకో లాభం, ఆ దారిలోనే గుళ్ళు వరసగా ఉన్నాయి. నారాయణవనం కళ్యాణ వెంకటేశ్వరస్వామి, పద్మావతమ్మకీ శ్రీనివాసుడికీ పెళ్ళి జరిగింది అక్కడే అని చెప్పుకుంటాం కదా, ఇంట్లో పెళ్ళి కావాల్సిన పిల్లలుంటే మా వైపు పెద్దోళ్ళు తప్పకుండా ఆ గుడికి తీసుకుపోతారు. ముందుకుపోతే నాగలాపురం వేదనారాయణస్వామి, శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గుడి, ఏటా మార్చిలో కొన్ని రోజులు సాయంత్రం సూర్యకిరణాలు గోపురాలు దాటుకుని లోపల స్వామి మీద పడతాయి. ఇంకా పోతే సురుటుపల్లి, అక్కడ శివుడు లింగంగా కాదు, అమ్మవారి ఒడిలో తలపెట్టి పడుకుని ఉంటాడు. అన్నీ ఒకే రోజులో చూడాలంటే మాత్రం ఏదీ సరిగ్గా చూడరు. పొద్దున నారాయణవనం, పది గంటలకి కైలాసకోన, తిండి, మళ్ళీ ఒక గుడి, ఇంటికి. గుళ్ళు మధ్యాహ్నం మూస్తారు కాబట్టి నీళ్ళలో ఉండే టైము మధ్యలో పెట్టుకుంటే సరిపోతుంది.

కైలాసకోనతో చిక్కేమిటంటే ఆదివారాలు చెన్నై నుంచి జనం దిగుతారు, ధార కింద నిలబడాలంటే క్యూ, కార్తీక మాసంలో సోమవారాలు అయితే చెప్పనే అక్కర్లేదు. శనివారం పొద్దున తొమ్మిది లోపల అక్కడుంటే హాయి. బండలు జారతాయి, రబ్బరు చెప్పులతో పోవద్దు, జారిపడి చెయ్యో కాలో విరిగితే పుత్తూరు కట్టు దారిలోనే ఉందని మా చిన్నాయన జోకేస్తాడు, అయినా ఆ జోకు నిజం కాకుండా చూసుకోండి.

ఇంక తలకోన. ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన జలపాతం అంటారు, 270 అడుగులు, శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కు లోపల. తిరుపతి నుంచి 60 కిలోమీటర్ల దాకా, రంగంపేట, భాకరాపేట మీదగా యెర్రావారిపాలెం వైపు, చివరి ఊరు నెరబైలు, అది దాటితే అడవే. చెక్‌పోస్టులో మనుషులకీ బండికీ టికెట్లు, ప్లాస్టిక్ తీసుకుపోనివ్వరు, మందు సీసాలు దొరికితే అక్కడే ఆపేస్తారు, ఇది ఫ్యామిలీతో పోయేవాళ్ళకి నిజానికి మంచిదే.

కైలాసకోనకీ దీనికీ అసలు తేడా అడవి. అక్కడ మీరు నీళ్ళకి పోతారు, ఇక్కడ అడవికి పోతారు, నీళ్ళు చివర్లో వస్తాయి. దారంతా నీడ, ఎర్రచందనం చెట్లు, గిల్లతీగ అని ఒకటుంటుంది, చెట్ల మీదినుంచి చెట్ల మీదికి పాకుతా పోతుంది, దాని కాయ మూడు నాలుగడుగుల పొడుగు, పిల్లకాయలు అదేదో కత్తి అనుకుని ఒకరినొకరు కొట్టుకుంటారు. ఇట్లాంటివి చూసి ఇది ఏంది అది ఏంది అని అడిగే వయసు పిల్లలుంటే, అంటే ఎనిమిది తొమ్మిదేళ్ళ పైన, తలకోనకే పోండి, ఆ రోజు వాళ్ళకి గుర్తుండిపోతుంది. చెట్ల కొమ్మల మధ్య కట్టిన తాళ్ళ వంతెన కూడా ఉంది, నేల నుంచి ముప్పై నలభై అడుగుల ఎత్తున నడవాలి, తెరిచి ఉందా లేదా అన్నది చెక్‌పోస్టులోనే అడిగేయండి, పిల్లలకి ముందే మాటిచ్చి తర్వాత మూసుంటే ఏడుపులు.

గుడి సిద్ధేశ్వరస్వామిది, అక్కడిదాకా బండి సులభంగా పోతుంది, ఆపైన జలపాతానికి కొంత రోడ్డు, ఆ తర్వాత మెట్లు, బండలు, నడక. మామూలు మనిషికి కష్టమేం కాదు. కానీ అరవై ఐదు దాటినోళ్ళూ, చంటిపిల్లని ఎత్తుకున్నోళ్ళూ చాలాసార్లు గుడి దగ్గరే ఆగిపోతారు, మిగతావాళ్ళు పైకి పోయి తొందరగా రావాలని తొందర, కిందోళ్ళకి సిగ్నల్ లేక కంగారు. అందుకే అంటున్నా, అవ్వని తీసుకుపోయి గుడి మెట్ల మీద కూర్చోబెట్టి మూడు గంటలు కాపలా పెట్టేకన్నా, ఆమెకి ఇంకో వారం కైలాసకోన పెట్టుకుంటే ఆమె కూడా సంతోషిస్తుంది. మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవే అవుతుంది, పెద్దోళ్ళని వదిలేసి పోతామా అని మా అమ్మ, సరే పోదాం అని మా నాన్న, చివరికి కారులో చోటు లేదు అన్న కారణం మీద తేలుతుంది.

మడుగు సంగతి గట్టిగా చెప్పాలి. జలపాతం కింద నీళ్ళు చల్లగా, పచ్చగా, చూస్తే దూకాలనిపిస్తుంది. దూకొద్దు. అడుగున బండలు కనపడవు, అక్కడ దూకి ప్రాణం పోగొట్టుకున్న కుర్రోళ్ళున్నారు. ఈత వచ్చినోళ్ళకే ప్రమాదం ఎక్కువ, రానోడు ఎట్లాగూ అంచున కూర్చుంటాడు కదా. ఇంటర్, ఇంజనీరింగ్ వయసు పిల్లోళ్ళు నలుగురైదుగురు ఉంటే ఒక పెద్దమనిషి నీళ్ళ దగ్గరే కూర్చోవాలి, వంట సామాను దగ్గర కాదు.

వెనక్కి వచ్చేటప్పుడు చీకటి పడకముందే భాకరాపేట ఘాట్ దిగిపోండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న బస్సు రాత్రిపూట అక్కడే లోయలో పడింది, మర్చిపోయేది కాదు. సాయంత్రం నాలుగుకి జలపాతం దగ్గర నుంచి కదిలితే ఐదున్నరకి ఘాట్ దాటేస్తారు.

తిండి విషయంలో తలకోనలో ఏదో ఒకటి దొరుకుతుందిలే అని పోవద్దు, దొరికితే మంచిదే, నమ్ముకోకూడదు. ఇంట్లోంచి చింతపండు పులిహోర, పెరుగన్నం, ఊరగాయ, ఉడకబెట్టిన చెనక్కాయలు, ఇవి చాలు. స్టీలు డబ్బాల్లో తీసుకుపోండి, కవర్లు కనపడితే కోతులు మీదికొస్తాయి, చేతిలోది లాక్కుపోతాయి, భయపడి పిల్లలు పరిగెత్తితే ఆ బండల మీద అది ఇంకో ప్రమాదం.

అర్ధగిరి కథ పూర్తిగా వేరు. ఇక్కడ జలపాతం లేదు, తడవడం లేదు, ఇది తాగే నీళ్ళ చోటు. తవణంపల్లె మండలం అరగొండ దగ్గర కొండ, పైన వీరాంజనేయస్వామి గుడి, పక్కన సంజీవరాయ పుష్కరిణి. సంజీవని కొండని హనుమంతుడు ఎత్తుకుపోతుంటే అందులో సగం ఇక్కడ పడిందని మా వైపు కథ. ఆ పుష్కరిణి నీళ్ళు మూలికల మీదుగా వస్తాయని, ఎన్ని నెలలున్నా చెడిపోవని, రోగాలు తగ్గుతాయని నమ్మకం, జనం క్యాన్లు తెచ్చి పట్టుకుపోతారు, పౌర్ణమికి అయితే విపరీతమైన రద్దీ. నమ్మకం నమ్మకమే, నేను దానితో వాదించను, కానీ బీపీ షుగర్ మాత్రలు మానేసి ఈ నీళ్ళు తాగుతాం అనే పెద్దోళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం అడ్డం పడండి, రెండూ కలిపి తీసుకోమనండి. చంటిపిల్లలకి ఏ నీళ్ళైనా కాచి చల్లార్చే ఇవ్వాలి. చెప్పాలనిపించింది కాబట్టి చెప్తున్నా, అపోలో ఆసుపత్రుల ప్రతాప్ సి. రెడ్డి గారి సొంతూరు కూడా ఈ అరగొండే.

చిత్తూరోళ్ళకి ఇది పక్క ఊరు లాంటిది, గంటలోపల పోవచ్చు, కాణిపాకం కలుపుకుంటే రోజు నిండిపోతుంది. కాణిపాకంలో కూడా నీళ్ళే మూలం, వినాయకుడు వెలిసింది బావిలో, ఆ నీళ్ళనే ఇప్పటికీ తీర్థంగా ఇస్తారు. తిరుపతోళ్ళకి మాత్రం రానూపోనూ 150 కిలోమీటర్ల పైనే, కాబట్టి పిల్లలు నీళ్ళలో ఆడాలి అన్నదే కోరిక అయితే అర్ధగిరి వద్దు, రోజంతా కారులో కూర్చోబెట్టి చివరికి తడవకూడదు అంటే వాళ్ళు మిమ్మల్ని క్షమించరు. అవ్వాతాతల ముచ్చట తీర్చే ట్రిప్పు అయితే ఇదే మంచిది, బండి కొండ పైదాకా పోతుంది, మెట్లెక్కే బాధ తక్కువ.

తిరుమల తీర్థాల గురించి తిరుపతిలో ఉండేవాళ్ళు ఎందుకో ఆలోచించరు, కొండకి అంటే దర్శనం, లైను, లడ్డూ అంతే. దర్శనం లేకుండానే ఒక రోజు కొండెక్కి ఆకాశగంగ, పాపవినాశనం, జాపాలి ఆంజనేయస్వామి గుడి చూసి రావచ్చు. ఆకాశగంగ శ్రీవారి గుడి నుంచి మూడు కిలోమీటర్లు, స్వామి అభిషేకానికి నీళ్ళు తెచ్చే తీర్థం, స్వామి సేవలో ఉండిన వైష్ణవ ఆచార్యులు తిరుమలనంబి మోసుకొచ్చేవారని కథ. పాపవినాశనంలో డ్యాం కింద వరసగా ధారలు పడతాయి, వాటి కింద నిలబడి తలస్నానం చెయ్యొచ్చు, ఆడోళ్ళకి మగోళ్ళకి వేరుగా, లోతు లేదు, దూకేది లేదు, కాబట్టి నాలుగైదేళ్ళ పిల్లలున్న తల్లులకి నేను ఇదే చెప్తా. ఆర్టీసీ బస్సులు కొండ మీద తిరుగుతానే ఉంటాయి. జాపాలికి కొంచెం అడవి దారిలో నడవాలి, నీడగా ఉంటుంది, గుడి ముందు చిన్న కోనేరు. సొంత కారులో పోతే అలిపిరిలో చెకింగ్ దగ్గర టైము పడుతుంది, ఫాస్టాగ్ లేకుండా పోవద్దు, ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పైకి పోనివ్వరు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల వారాంతాలు మాత్రం వదిలేయండి. తుంబురు తీర్థం, కుమారధార లాంటివి ఏడాదికొకసారి ఆ తీర్థం ముక్కోటి అని చేసే రోజున (వైకుంఠ ఏకాదశి కాదు) వేలమందితో కలిసి నడిచేవి, బాగుంటాయి కానీ అది ఫ్యామిలీ పిక్నిక్ కాదు, రాళ్ళలో నీళ్ళలో గంటలకొద్దీ నడక.

అట్లాగే సదాశివకోన, ఉబ్బలమడుగు, నాగలాపురం కొండల్లో మడుగులు, ఇవన్నీ ఫోటోల్లో చూసి అడుగుతారు. నడిచే వయసున్న స్నేహితులతో పోండి. పిల్లాపాపలతో, టిఫిన్ డబ్బాలతో కాదు. కపిలతీర్థం ఊర్లోనే ఉంది, వానలప్పుడు ధార అద్భుతంగా ఉంటుంది, ఒక్క పూట చాలు, దాన్ని ట్రిప్పు అనలేం. హార్స్లీ హిల్స్ అడిగినోళ్ళకి ఒకటే మాట, చల్లగాలి కోసం అయితే పోండి, 4,000 అడుగుల పైన కాబట్టి మేలో కూడా బాగుంటుంది, కానీ నీళ్ళలో దిగే ఆశ పెట్టుకోవద్దు, పైగా తిరుపతి నుంచి ఒక్కరోజులో పోయి రావడం అంటే డ్రైవ్ చేసేవాడికి శిక్ష.

ఖర్చు విషయానికొస్తే బస్సు దొరికే చోటే చవక. ఆంధ్రాలో ఆడోళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద టికెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు, కాబట్టి పుత్తూరు వైపు పోతే ఇంటిల్లిపాదికీ ఆటో డబ్బులే ప్రధాన ఖర్చు. తలకోనకి బస్సులు తక్కువ, పది పన్నెండుమంది అయితే టెంపో మాట్లాడుకోవడమే నయం, ఆ డ్రైవరుకి ఘాట్ రోడ్డు అలవాటుందా అని ముందే అడగండి. బట్టలు మార్చుకునే గది అన్నిచోట్లా ఉంటుందని అనుకోవద్దు, ఒక పెద్ద దుప్పటి, నాలుగు క్లిప్పులు ఉంటే ఆడోళ్ళకి ఎక్కడైనా గది తయారవుతుంది. చీరల్లో తడిస్తే బరువెక్కి నడవలేరు, కాటన్ చుడీదార్ మేలు. నీళ్ళలో సబ్బు, షాంపూ పెట్టొద్దు, కింద ఊరోళ్ళు వాడుకునేది ఆ నీళ్ళే.

పలమనేరు, కుప్పం వైపు వాళ్ళు ఇదంతా చదివి మాకేంటి అంటారేమో, మీకు తలకోన దాకా రావాల్సిన పనే లేదు. పలమనేరు కుప్పం రోడ్డు నుంచి కొంచెం లోపలికి కైగల్ దగ్గర దుముకురాళ్ళు జలపాతం ఉంది, ఎత్తు చిన్నదే కానీ వానల తర్వాత బండల మీదుగా వెడల్పుగా దూకుతుంది, చుట్టూ కౌండిన్య అభయారణ్యం. కైలాసకోన అంత సదుపాయాలు ఉండవు, తలకోన అంత నడకా ఉండదు. పాచి బండలే అక్కడ పెద్ద భయం, అంచుకి పోకుండా కింద పారే నీళ్ళలో కూర్చోబెట్టండి పిల్లల్ని. ఆ అడవిలో ఏనుగుల గుంపులు తిరుగుతాయి, పొలాల మీదికి కూడా వస్తాయి, కాబట్టి పొద్దున పోయి మధ్యాహ్నం మూడు లోపల రోడ్డెక్కేయండి, పోయేముందు కైగల్‌లో టీ కొట్టు దగ్గర ఏనుగులు ఎటువైపు ఉన్నాయో అడిగి మరీ లోపలికి పోండి, ఊరోళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు.